ఒక్క పాఠం ముందు

ఆ వీధిలో ఆమెను అందరూ ఇంగ్లీషు టీచరమ్మ అనే పిలుస్తారు. సాయంత్రపు ట్యుటోరియల్‌లో ఇరవై రెండేళ్ళుగా ఇంగ్లీషు వ్యాకరణం చెబుతున్న మనిషి. అలాంటామె ఏభై ఒకటో ఏట స్పానిష్ టీచరైంది. ఇష్టపడి కాదు, భయపడి. ఇంగ్లీషు క్లాసుకు జనం తగ్గిపోయారు. స్పానిష్ చెప్పే అతనేమో చెప్పాపెట్టకుండా మానేశాడు. అక్షరాలు అవే కదా, మీరు చెప్పెయ్యండి అన్నాడు యజమాని. కాదంటే ఏమవుతుందో తెలుసు కనుక తలూపింది. అప్పటినుంచి క్లాసు కంటే ఒక్క పాఠం ముందు పరిగెడుతోంది.

సర్వనామాల పాఠం గట్టెక్కింది. "వస్తాను" అంటే వచ్చేది నేనేనని మనకు వేరే చెప్పాలా? స్పానిష్‌లోనూ అంతే, క్రియ చివరే మనిషిని పట్టిస్తుంది. ప్రతిసారీ "ఐ, ఐ" అని చెప్పుకోవాల్సిన ఖర్మ ఇంగ్లీషుది. నువ్వు, మీరు అన్న తేడా కూడా అక్కడ ఉంది. ఆ రోజు ఆమె నిబ్బరంగా ఇంటికి వచ్చింది.

తర్వాత వచ్చాయి ఆర్టికల్స్. ఇంగ్లీషులో బల్లకైనా రాజుకైనా ఒకటే "ది". స్పానిష్‌లో వాన ఆడది, దానికి "లా". చెట్టు మగది, దానికి "ఎల్". ఎందుకయ్యా అంటే జవాబు లేదు, బట్టీ పట్టాల్సిందే. కారణం చెప్పలేని పాఠం ఆమె జన్మలో చెప్పి ఎరగదు. అందుకని ఆదివారం పుస్తకం చూస్తూ ఇంట్లో ఇరవై వస్తువులకు చీటీలు అంటించింది. మగవాటికి ఎర్రవి, ఆడవాటికి పచ్చవి. పుస్తకం మూసేసి, వచ్చేపోయేప్పుడు ఆ రంగులే చూసుకుంటూ కంఠతా పట్టింది. బుధవారం క్లాసులో ఇరవయ్యీ గడగడా అప్పజెప్పింది. విదేశీ హోటళ్ళలో పనికోసం స్పానిష్ నేర్చుకుంటున్న ఆ పన్నెండు మంది, వంటవాళ్ళూ రిసెప్షన్ అమ్మాయిలూ, సిరా పెన్నుతో రాసుకున్నారు. పది రోజుల్లో వాళ్ళకు పరీక్ష.

గురువారం సాయంత్రం ఎందుకో పుస్తకం తెరిచింది. బల్ల మీద ఎర్ర చీటీ ఉంది. పుస్తకంలో "లా" అని ఉంది. లేచి ఇల్లంతా తిరిగి చూసింది. తలుపు తప్పు, కుర్చీ తప్పు, మంచం తప్పు. మొత్తం ఇరవైలో పదకొండు తప్పులు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ అత్తగారూ. భర్త పోయి ఆరేళ్ళయింది.

అత్తగారిని అడిగితే ఆవిడ తల వంచుకుంది.

"సోమవారం తడిగుడ్డతో తుడుస్తుంటే అన్నీ ఊడొచ్చాయమ్మా. నువ్వు కంగారు పడతావని మళ్ళీ అంటించేశాను. ఎర్రవి మగవీ, పచ్చవి ఆడవీ అన్నావుగా. బరువు మోసేవాటికి ఎర్రవి పెట్టాను, మెరిసేవాటికి పచ్చవి."

పుస్తకం కంటే ఈవిడ లెక్కే నయం అనిపించింది టీచరమ్మకు. ఇన్నేళ్ళుగా ఈ ఇంటి బరువు మోస్తున్నది ఇద్దరు ఆడవాళ్ళేనన్న సంగతి మాత్రం ఆవిడకు గుర్తు రాలేదు కాబోలు.

కానీ నవ్వు రాలేదు. మర్నాడు శుక్రవారం, యజమాని క్లాసులో కూర్చుని చూస్తానన్న రోజు. తప్పు దిద్దితే ఆయన ముందే పరువు పోతుంది, దాంతోపాటు క్లాసూ పోతుంది. దిద్దకపోతే పన్నెండు మంది పరీక్షలో తప్పు రాసి వస్తారు. పుస్తకంలో అచ్చుతప్పని చెబితే? అత్తగారు చేసిన పనని చెబితే? శుక్రవారం పొద్దంతా ఈ రెండు మాటలే నాలుక మీద ఆడాయి. అన్నం సహించలేదు. బస్సులో తన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచింది.

యజమాని చివరి బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆమె సుద్దముక్క చేతిలోకి తీసుకుంది.

"బుధవారం నేను చెప్పిన ఇరవైలో పదకొండు తప్పు," అంది. "సరిచూసుకోకుండా చెప్పాను. కొట్టేసి మళ్ళీ రాసుకోండి."

ముందు వరస వంటమనిషి పెన్ను మూత తీసి కొట్టేయడం మొదలుపెట్టాడు. మిగతావాళ్ళూ కొట్టేశారు. ఆమె ఒక్కోటీ బోర్డు మీద రాస్తూ, రాసిన ప్రతిదీ పుస్తకంలో చూసుకుంటూ గంట గడిపింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

క్లాసు అయ్యాక యజమాని గుమ్మం దగ్గర ఆపాడు. వాళ్ళకంటే ఎన్ని పాఠాలు ముందున్నారని అడిగాడు. ఇక దాచి లాభం లేదనుకుని, ఒక్కటేనని చెప్పింది. ఆయన ఆమె చేతిలోని పుస్తకం వంక చూశాడు.

"రెండు పాఠాలు ముందుండండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే కూర్చుని ఉంది. వండిన అన్నం వండినట్టే ఉంది.

"ఉంచారా, తీసేశారా?"

"ఉంచారు అత్తయ్యా."

"నా పేరు చెప్పావా?"

"లేదు."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత కోప్పడింది.

"చెప్పాల్సింది పిచ్చిదానా. ఈ వయసులో నన్నెవరు తీసేస్తారు?"