చీర కింద ఖాకీ

నాచారంలో మా పక్కింటి పెద్దమ్మ తొలితరం మహిళా పోలీసు. ఉప్పల్ చౌరస్తాలో లారీలను ఒంటిచేత్తో ఆపిన మనిషి, ఇంటి నుంచి మాత్రం చీరలోనే వెళ్లి స్టేషన్లో ఖాకీ వేసుకునేది. ప్యాంటు కనబడితే అత్త ఊరుకోదని, దాన్ని దండెం మీద చీర కింద ఆరేసేది.

అత్త పోయాక కూడా అంతే.

"ఇంకెవరికి భయం పెద్దమ్మా?" అన్నాను.

"భయం గాదు బిడ్డా, చెయ్యి గట్లనే పోతది" అంటూ దండెం మీది చీర అంచు ఇంకాస్త కిందికి లాగింది.

మొన్న ఆమె చనిపోయింది. కూతురు పట్టుబట్టి యూనిఫాం తొడిగించింది. మా గల్లీ ఆమెను ఖాకీలో చూడటం అదే మొదటిసారి.

"పుట్టింటి చీర లేకుంట పంపుతమా?" అని ఏడుస్తూ పెద్దమ్మ వాళ్ల అన్నయ్య కొత్త చీర కప్పాడు. పాదాల దగ్గర ఖాకీ ఇంకా కనబడుతుంటే, ఎవరో వంగి అంచు కిందికి లాగారు.