ముల్లు దిగేదాకా

మా పెదనాన్నకు ఒక్కటే పిచ్చి. ఎక్కడైనా ప్రెషరు పెరిగిందంటే, అది దిగేదాకా ఆయన అక్కణ్ణుంచి కదలడు. కొంప మునుగుతున్నా సరే, ముందు ముల్లు దిగాలి.

ఆయన బట్టల మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. బాయిలరుకు గుండ్రటి మీటరు ఒకటి ఉండేది. ఆవిరి ఎక్కువైతే దాని ముల్లు ఎర్రగీత వైపు పోయేది. అలా పోతే, డ్యూటీ అయిపోయినా సరే, అది దిగేదాకా కాపలా మనిషి కుర్చీ వదలకూడదని మిల్లులో నియమం. గేటు దాటేటప్పుడు ఆ నియమాన్ని అక్కడే వదిలి రావచ్చని మా పెదనాన్నకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంట్లో పొయ్యి మీంచి కుక్కరు దింపితే చాలు, దాని ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. ఆవిరంతా పోయేదాకా ఎవర్నీ మూత ముట్టుకోనిచ్చేవాడు కాదు. పిల్లలం ఆకలితో నకనకలాడుతూ చుట్టూ తిరిగేవాళ్ళం.

"మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే దానికి సిగ్గేసి దిగట్లేదు" అని పెద్దమ్మ విసుక్కునేది.

"సిగ్గుపడనీ. పేలడం కంటే నయం" అనేవాడు.

మనుషుల్నీ వదల్లేదు. ఒకసారి గోడకు మేకు ఎక్కడ కొట్టాలన్నదాని మీద మా నాన్నకూ బాబాయికీ మాటామాటా పెరిగింది. నాన్న విసురుగా చెప్పులేసుకున్నాడు. అప్పటికే పెదనాన్న గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"జరుగన్నయ్యా, నేను పోవాలి."

"ముల్లు ఎర్రగీత మీదుంది. దిగాక పో."

"నాకు ముల్లూ లేదు, గీతా లేదు."

"చెవులు చూసుకో, ఎలా ఎర్రబడ్డాయో."

నాన్న తెలీకుండానే చెవులు తడుముకున్నాడు. బాబాయి ఫక్కున నవ్వాడు. కాసేపటికి నాన్నా నవ్వి చెప్పులు విప్పేశాడు. ఆ మేకు మాత్రం ఇప్పటికీ కొట్టలేదు.

ఆ గుమ్మమే చాలా ఏళ్ళ తర్వాత పెదనాన్న కంటిజబ్బును బయటపెట్టింది. ఒకరోజు పొద్దున్నే దాన్ని చూసి, వంగిపోయిందని మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ దారానికి గుండు కట్టి, గుమ్మం పక్కన వేలాడదీశాడు.

"చూడండి బాబూ, తిన్నగానే ఉంది."

"నీ దారమే వంకరగా ఉందయ్యా."

"వేలాడే దారం వంకరెలా పోతుందండీ?"

"అదే నేనూ అడుగుతున్నా."

పెద్దమ్మకు అనుమానం వచ్చింది. వెళ్ళి ఆయన ఎడమకన్ను మూసింది. ఇంకా వంకరగానే ఉందన్నాడు. ఎడమకన్ను వదిలేసి కుడికన్ను మూసింది.

"ఇప్పుడు తిన్నగా అయింది. భలే సరిచేశావే మేస్త్రీ" అన్నాడు పెదనాన్న. మేస్త్రీ తల పట్టుకున్నాడు.

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కుడికంట్లో రెటీనా మధ్యభాగం దెబ్బతింటోందని, అక్కడ పుట్టకూడని రక్తనాళాలు పుట్టి నీరు కారుతోందని డాక్టరు చెప్పాడు. కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తూ పోతే ఉన్న చూపు నిలబడుతుందట. కంట్లోకి సూది అనగానే నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పెదనాన్న మాత్రం ఒక్కటే అడిగాడు.

"నిండుగా ఉన్న కంట్లోకి మళ్ళీ మందెక్కిస్తే ప్రెషరు పెరగదా?"

"పెరుగుతుందండీ. చాలామందికి కాసేపట్లో దానంతటదే దిగిపోతుంది. అది చూశాకే ఇంటికి పంపిస్తాం."

పెదనాన్న ముఖం వెలిగిపోయింది. "మన మిల్లులో ఉండాల్సిన మనిషిరా" అని నా చెవిలో అన్నాడు.

ఆసుపత్రి హాల్లోనే ఒక కుట్టుపని ఆవిడ తగిలింది. పెదనాన్న వయసే ఉంటుంది. ఆవిడకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి అదే జబ్బు, అదే ఇంజెక్షను. మొదటి సూది వేసినప్పుడు ప్రెషరు బాగా పెరిగి కంటికి అంతా చీకటైపోయిందట. డాక్టరు వెంటనే తగ్గించాడు, చూపూ తిరిగొచ్చింది. కానీ ఆవిడ భయం దిగలేదు. రెండోసారి పేరు పిలవగానే సంచి తీసుకుని బయటికి నడిచింది. ఇప్పుడు ఆపేస్తే ఈ కన్ను కూడా దక్కదని నర్సు మొత్తుకుంటోంది.

ఆవిడ గుమ్మం చేరేసరికి దానికి అడ్డంగా ఒక కుర్చీ ఉంది. అందులో మా పెదనాన్న ఉన్నాడు.

"జరగండి, నేను పోవాలి."

"పోదురుగానీ. రోజంతా సూదితో పనిచేసే మనిషికి సూదంటే భయమేమిటమ్మా?"

"నేను గుచ్చేదాన్ని. గుచ్చించుకునేదాన్ని కాదు."

"గుచ్చేముందు బట్టనెప్పుడైనా అడిగారా?"

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వాక కోపం తెచ్చుకోవడం కుదరక, గొణుక్కుంటూ లోపలికి పోయింది.

అప్పట్నుంచీ నా ప్రాణం మీదికి వచ్చింది. ఎప్పుడు వెళ్ళినా, ఇంజెక్షనయ్యాక పెదనాన్న స్టీలు బెంచీ మీద గంటలు గంటలు కూర్చునేవాడు. ఎప్పుడడిగినా "ఇంకా ముల్లు దిగలేదురా" అనే మాటే. పూట సెలవు పెట్టి వెళ్తే రోజంతా గడిచిపోయేది. ఒకరోజు ఆయమ్మ హాలు తుడిచి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేస్తోంది. ఈయన కదలడు. నాకు ఒళ్ళు మండింది, భయమూ వేసింది. వెళ్ళి నర్సునడిగాను.

"మా పెదనాన్నకు ప్రెషరు ఇంకా దిగలేదా? కంటికేమన్నా ప్రమాదమా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఆయనది ఎప్పుడో దిగిపోయిందండీ. ప్రతిసారీ ఇట్టే దిగిపోతుంది. వెళ్ళమంటే వెళ్ళడు."

"మరెందుకు కూర్చున్నాడు?"

"కుట్టుపని ఆవిడది దిగొద్దూ? ఆవిడది మొండికేస్తుంది. చుక్కల మందు వేసి చూస్తూ ఉండాలి. బయట ఆయనున్నాడో లేడో తలుపులోంచి చూసుకున్నాకే సూది వేయించుకుంటుంది."

వచ్చి బెంచీ దగ్గర నిలబడ్డాను.

"నువ్విక్కడ కూర్చుంటే లోపల ఆవిడకు ప్రెషరు దిగుతుందా పెదనాన్నా?"

"దిగదు. నేను కూర్చున్నానని బాయిలరుకూ దిగేది కాదు. అలాగని వదిలేసి ఎలా పోతాంరా?"

అంతలో తలుపు తెరుచుకుంది. ఆవిడ కంటికి అద్దాలు సర్దుకుంటూ వచ్చింది. "ఇంకా ఉన్నారా? మీకు ఇల్లూ వాకిలీ లేవా?" అని కసిరింది.

"దిగిందా?"

"దిగింది."

"అయితే పదరా" అని పెదనాన్న లేచాడు. ఆ మనిషిని చూస్తే నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆవిడ సంచిలోంచి ఒక దిండు తీసింది. బెంచీ మీద వేసుకోవడానికి తనే కుట్టి తెచ్చింది. పెదనాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంతా బాగుంది గానీ, కుట్టు కాస్త వంకర పోయిందమ్మా."

"కుట్టు తిన్నగానే ఉంది. ఆ కుడికన్ను మూసి చూడండి."

పెదనాన్న కుడికన్ను మూశాడు. చాలాసేపు చూశాడు.

"భలే సరిచేశారే" అన్నాడు.

ఆ దిండు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఎవరి చెవులైనా ఎర్రబడితే, దాన్ని పట్టుకెళ్ళి గుమ్మంలో వేసుకుని కూర్చుంటాను.