కత్తెరక్క పట్టని తూటా

మా ఆపరేషన్ థియేటర్లో పెద్ద నర్సును అందరం కత్తెరక్క అంటాం. చేతిలో కత్తెర, నోట్లో అంతకన్నా పదునైనది. మత్తు డాక్టరుకు సాయంచేసే నేను ఆ నోట్లో ఎన్నిసార్లు పడ్డానో! కడుపు కోయగానే కంపు కొట్టి మేం మొహం తిప్పుకుంటే, "మీ పొట్టల్లో ఏమన్నా గులాబీలు పూస్తున్నాయా?" అని గదిమేది.

అలాంటి మనిషికి అసహ్యం వేయడం ఒక్కసారే చూశాను.

గేటుకు అడ్డంగా కారు పెట్టాడని పక్కింటాయన్ని ఒకడు కడుపులో కాల్చాడు. స్ట్రెచర్ లోపలికి వస్తోంది, అక్క చేతులు రుద్ది కడుక్కుంటోంది. ఇంతలో ఆమె అత్తగారు, మరిది గుమ్మంలోకి వచ్చారు. కాల్చింది ఆ మరిదే. తన తుపాకీ పేలనే లేదని పోలీసుల దగ్గర బుకాయించి, ఒంటినిండా సెంటు కొట్టుకుని మరీ వచ్చాడు.

"బుల్లెట్ తీసేటప్పుడు ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కి పట్టుకో వదినా. అంతే!"

తుపాకీ గొట్టం తన గీతలు తూటా మీద వదులుతుంది. ఫోర్సెప్స్ లాంటి ఇనుప పట్టకారు తగిలితే ఆ గీతలు పాడై, ఏ తుపాకీదో తేలదు. అందుకే మేం వేళ్లతోనే తీస్తాం. ఈ ముచ్చట అక్కే ఎప్పుడో అన్నాల దగ్గర ఇంట్లోవాళ్లకు చెప్పింది. వెధవ అది మాత్రం బాగా గుర్తుపెట్టుకున్నాడు.

"మన పిల్లాడే. వాడి బతుకు నీ చేతుల్లో ఉంది," అంది అత్తగారు.

అక్క వాళ్లను ఎగాదిగా చూసి, కడిగిన చేతుల్నే మళ్లీ కడుక్కుంది.

పొట్ట తెరిస్తే నెత్తురు, మలం కలగలిసి ఉన్నాయి. డాక్టరు నెత్తురు ఆపి, చిల్లులు పడ్డ పేగు కోసి కుట్టారు. తూటా వెనక కండలో చేతికి తగిలింది. అక్క ఫోర్సెప్స్ అన్నీ దూరంగా జరిపేసింది.

"కాల్చింది మా మరిది సార్. ఇది నేను ముట్టుకోను. మీరే వేళ్లతో తీసి ఆ డబ్బాలో వేయండి. పోలీసులకు వీడు ఇస్తాడు," అని నన్ను చూపించింది.

డబ్బా పోలీసుల చేతికిచ్చాను. మరిది మొహంలో నెత్తుటి చుక్క లేదు. అప్పుడే బయటికొచ్చిన అక్క మీదికి అత్తగారు లేచింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదే! ఇంక ఏ మొహం పెట్టుకుని ఇంటికొస్తావు?"

"ఆయన బతికాడు అత్తయ్యా," అంది అక్క. "మీరు అడగలేదు కదా, నేనే చెబుతున్నా."