వాసన లేని ప్రోటీన్

టెక్కలి కాలేజీ ల్యాబులో పరిశోధన చేసే జ్యోత్స్న టీగ్లాసునైనా కుదపదు, అరచేతుల మధ్య దొర్లిస్తుంది. సూక్ష్మజీవుల చేత చేయించిన, నరాలను బతికించే ప్రోటీన్ కుదిపితే నురగై పాడవుతుందని అబ్బిన అలవాటది. ఏడాది కాచుకుని తెప్పించుకున్న, కంటికైనా ఆనని ఆ ప్రోటీన్ పొడిని నీళ్లలో కలిపి, పదిహేను బుల్లి గొట్టాలకు పంచి, ఫ్రీజరులో దాచింది. కరిగిన గొట్టాన్ని వెంటనే వాడేయాలి, మళ్లీ గడ్డకట్టిస్తే దాని బలం నమ్మేది కాదు. గాలివానకు రెండు రోజులు కరెంటు పోయింది, అన్నీ కరిగిపోయాయి.

"మళ్లీ గడ్డకట్టించెయ్యి, ఎవుడికి తెలుత్తాదమ్మా?" అన్నాడు తోటి పరిశోధకుడు ధనరాజు. జ్యోత్స్న కోటబొమ్మాళి సంతలో చేపలమ్మే తల్లి దేముడమ్మ దగ్గరికెళ్లి, ఆ మాట చెప్పి ఏడ్చింది. "కరిగిన సేపని మళ్లీ ఐసులో పెట్టి తాజా అంటే, కంపు ఊరుకుంటాదేటే?" అంది తల్లి. "దీనికి కంపూ లేదే అమ్మా, అదే నా కర్మ!" కరెంటొచ్చి ఫ్రీజరు గుర్రుమనేసరికి, జ్యోత్స్న పదిహేను గొట్టాల మీదా 'కరిగింది' అని రాసింది.