పెరట్లో కొర్రమేను దొంగ

ఆ రోజుల్లో కాపురానికి వెళ్ళే ఆడపిల్లకి అమ్మలు నేర్పి పంపే సంగతులన్నీ మనుషుల గురించే ఉండేవి. అత్తగారి ముందు కాలు మీద కాలు వేసుకోకు, మావగారి ఎదుట పెద్దగా నవ్వకు, ఆ ఇంట్లో ఎవరు కనిపించినా ‘అండీ’ అనకుండా మాట్లాడకు. మా అమ్మ పాఠాలన్నీ ఇలాంటివే. జంతువుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. (పాపం, ఆవిడకి మాత్రం ఏం తెలుసు? కాకినాడలో మేడ మీద అద్దె వాటాలో ఉండేవాళ్ళం. కిటికీ మీద వాలే కాకులే మాకు తెలిసిన పశుసంపద.) అందుకే తొంభైల చివర్లో, మామిడికుదురు దగ్గర కొబ్బరితోటలో ఉన్న అత్తవారింటికి వెళ్ళిన కొత్తలో నేను రోజూ ఏదో ఒకటి చూసి నోరు తెరిచేదాన్ని. స్నానానికి వెళ్తుంటే దారికి అడ్డంగా నా చెయ్యంత లావు పాము సాగిపోయింది. కేక పెట్టి అరుగెక్కాను. మా అత్తగారు బియ్యం చెరుగుతూ తలైనా ఎత్తకుండా, “మన జెర్రిపోతేలే అమ్మా, రోజూ ఈ వేళకి అలా వెళ్తుంది” అన్నారు. ‘మన’ అనే మాటకి నేను పుట్టింట్లో నేర్చుకున్న అర్థం వేరు.

మా ఆయన తెల్లారి సైకిలెక్కి గ్యాసు బావుల దగ్గర ఉద్యోగానికి వెళ్ళిపోయేవారు. ఇంట్లో నేనూ, అత్తగారూ, మావగారూ, ఒక గేదె, కోళ్ళ మంద, సింహం అనే కుక్క మిగిలేవాళ్ళం. (దానికి ఆ పేరు పెట్టినవారు అది పుట్టిన నాడే పెట్టి ఉంటారు. పెద్దయ్యాక దాని ధైర్యం చూస్తే ఎవరికీ ఆ పేరు తట్టదు.) పెరటి చివర చేపల గుంట ఉండేది. అందులో మావగారు కొర్రమేను పెంచుతున్నారు. మా ఆడపడుచు తొలి పురిటికి రాబోతోంది, బారసాలకి వియ్యాలవారంతా దిగుతారు, వాళ్ళకి కొర్రమేను పులుసుతో భోజనం పెట్టాలని ఆయన పంతం. రోజూ పొద్దున్నే గుంట గట్టు మీద గొంతుక్కూర్చుని, “ఎంత ఎదిగేరో చూడు” అని చేపల్ని మనవల్లా మెచ్చుకునేవారు.

ఆ చేపలు తగ్గిపోవడం మొదలైంది. ఒకరోజు దడి పక్కన చేప తలకాయ కనిపించింది. ఇంకోరోజు పొలుసులు, ముళ్ళు. దడికి అవతల ఉన్నది మావగారి సొంత అన్నగారి ఇల్లు. ఆయనకి చేపల పులుసంటే ప్రాణమని ఊరంతా ఎరుగుదురు. ఇంకేం, మావగారి లెక్క తేలిపోయింది. కానీ అన్నగారిని మొహం మీద అడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు. అందుకని దడి దగ్గర గేదెని కట్టేసి, దానికి చెప్పేవారు.

“చూశావటే, గేదమ్మా! ఈ రోజుల్లో తోబుట్టువని కూడా చూడ్డం లేదే మనుషులు!”

కాసేపటికి అవతలి నించి పెదమావగారి గొంతు వినిపించేది. ఆయన వాళ్ళ పుంజుతో మాట్లాడుతున్నారు. “ఒరేయ్ పుంజూ, నోరు జారితే ఎనక్కి తీసుకోలేం అని చెప్పరా నాయనా ఆ గేదెకి!”

అన్నదమ్ములిద్దరూ ఇలా పశువుల ద్వారా పోట్లాడుకోవడం చూసి నేను బిత్తరపోయాను. నవ్వొచ్చేది, కానీ సంగతి నవ్వేంత చిన్నదేం కాదు. దడి మీంచి చేతులు మారే కూర గిన్నెలు ఆగిపోయాయి. మా అత్తగారూ ఆవిడ తోడికోడలూ కాలవ దగ్గర ఎదురుపడితే తలలు తిప్పుకుంటున్నారు. ఒక సాయంత్రం మావగారు, “బారసాలకి వాళ్ళని పిలవక్కర్లేదు” అన్నారు. అత్తగారు కళ్ళొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోవడం చూశాను.

ఆ గొడవలో ఉండగానే, పెరటి వెనక కాలవ గట్టున మొగలి పొదలు నరికిస్తే అందులో ఒక పిల్లికూన దొరికింది. బూడిద రంగు ఒంటి నిండా నల్ల మచ్చలు, పొట్టి చెవులు, బండ ముక్కు. నాకు ఆ ఊళ్ళో నాకంటే బెదిరిపోయిన ప్రాణి కనపడటం అదే మొదలు. వెంటనే ఎత్తుకొచ్చేశాను. అత్తగారు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదేంటే, పిల్లి మొహంలా లేదు” అన్నారు. మావగారు, “ఎలకల్ని పడితే చాలు, మొహం ఎలా ఉంటే ఏం?” అన్నారు. దాన్ని పెరటి వసారాలో కోళ్ళ గంప కింద పెట్టి, గేదెపాలలో గుడ్డ ముంచి తాగించేదాన్ని. అది పాలకంటే నా వేలునే ఇష్టంగా కొరికేది.

రెండో మూడో రోజు మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. మావగారు వీధి వసారాలో వాలుకుర్చీలో గుర్రు పెడుతున్నారు. నేను గంప ఎత్తి, కూనని ఒళ్ళో పెట్టుకుని పాలు పడుతున్నాను. గుంటలో ధభీమని చప్పుడైంది. కొబ్బరికాయ పడిందనుకున్నాను. తలెత్తి చూద్దును కదా, నీళ్ళలోంచి ఒక జంతువు లేచి గట్టెక్కింది. మా సింహం అంత ఉంది. ఒళ్ళంతా మచ్చలు. నోట్లో ఇంకా కొట్టుకుంటున్న కొర్రమేను. ఒళ్ళు విదిలించుకుని, ఎవరింటికో భోజనానికి వచ్చినట్టు తిన్నగా నా దగ్గరికి నడిచొచ్చింది. వసారా మెట్టు మీద చేపని పెట్టింది. నా ఒళ్ళో కూనని చూసింది. తర్వాత నన్ను చూసింది.

కూర్చున్నచోటే బిగుసుకుపోయాను. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇవి: “మీ పిల్లేనండీ... నేనేం చెయ్యలేదండీ... తీసుకెళ్ళండి.”

కూనని మెల్లిగా నేల మీద పెట్టాను. ఆవిడ (ఇంకేమనను మరి?) దాని మెడ పట్టుకుని, నా వైపు చూసి ఒక్కసారి గుర్రుమని, నరక్కుండా మిగిలిన మొగలి పొదలోకి దూరిపోయింది. అప్పుడొచ్చింది నాకు కేక. ఆ కేకకి మావగారు వాలుకుర్చీతో సహా కింద పడ్డారు. లేచి పరిగెత్తుకొచ్చి, ఊగుతున్న పొదనీ మచ్చల తోకనీ చూసి, “పులి! పులోయ్!” అని అందుకున్నారు. సింహం గేదె కాళ్ళ మధ్య దూరింది. ఆ ‘పులి’ మాట వినగానే దడి విరిగింది. అవును, పెదమావగారు చుట్టూ తిరిగి రాకుండా, దడిని తన్నుకుని, కొబ్బరి మట్ట చేత్తో పట్టుకుని దూకారు. “తమ్ముడూ! నువ్వెనక్కుండరా!” అని అరుస్తూ తమ్ముడికి అడ్డంగా నిలబడ్డారు. ఆయన వయసుకీ, ఆ ఊపుకీ నాకు మళ్ళీ మతి పోయింది.

నేను జరిగింది చెప్పాను. పెదమావగారు మెట్టు మీద చేపని చూశారు, పొదని చూశారు. “పులీ కాదు, గిలీ కాదు. బావురుపిల్లి. నీళ్ళలో దూకి చేపలు పట్టి తింటుంది” అని, మట్ట కింద పడేసి తమ్ముడి వైపు తిరిగారు. “అయితే ఇన్నాళ్ళూ నన్ను పిల్లి అనుకున్నావన్నమాట.”

మావగారు చేతులు కట్టుకుని, తల వంచుకుని, “ఆయ్, లేదండి అన్నయ్యగారూ. పిల్లినే మీరనుకున్నాను” అన్నారు.

పెదమావగారు కోపంగానే ఉందామని చూశారు గానీ మీసాలు ఆగలేదు. నవ్వీ నవ్వీ మెట్టు మీద కూలబడ్డారు. మా అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని, అదే విరిగిన దడిలోంచి తోడికోడలిని పిలవడానికి పరిగెత్తారు. ఆ దడిని మళ్ళీ ఎవరూ కట్టలేదు. బారసాల నాటికి గుంటలో చెప్పుకోదగ్గ చేప మిగల్లేదు. వియ్యాలవారికి ఆనపకాయ పులుసూ, పనసపొట్టు కూరా వడ్డించారు. వడ్డన చేసింది పెదమావగారే.

ఇప్పుడు ఊళ్ళో ఆ గుంటా లేదు, పొదలూ లేవు. మేము పట్నంలో మూడో అంతస్తులో ఉంటున్నాం. బల్లి కనిపిస్తే గది ఖాళీ చేసే మనిషిని నేనే. అప్పుడప్పుడు మధ్యాహ్నం పూట ఒంటరిగా కూర్చుంటే, వాయిల్ చీర కట్టుకుని, పాలగిన్నె పట్టుకుని ఆ వసారాలో బిగుసుకుపోయిన పిల్ల గుర్తొస్తుంది. దాని భుజం తట్టి, “భయపడకే, ఈ ఇల్లు వదిలి వెళ్ళాల్సిన రోజు నువ్వే వెక్కి వెక్కి ఏడుస్తావు” అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేది కాదులెండి. ఆ పిల్ల కళ్ళు రెండూ ఇంకా ఆ మొగలి పొద మీదే ఉన్నాయి.