మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్ళందరికీ కారం

ఒక్క మొబైల్ ఫోనుతో ఊళ్ళో మిరప చేలకు నీళ్ళు ఆపించి, సొంత పెద్దమ్మ కారం డబ్బాలు ఖాళీ చేయించి, పైగా నిండు చర్చిలో దీవెనలు అందుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. ఇది జరిగి కొన్నేళ్ళయింది. అయినా పర్చూరు దగ్గరి మా ఊళ్ళో నేను వీధిలోకి వస్తే చాలు, ఎవరో ఒకరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ట్రింగ్" అంటారు. ఎందుకంటారో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నా కోసం మొహమాటపడొద్దు.

అప్పటికి నేను గుంటూరులో డిగ్రీ ముగించి ఇంటికొచ్చి, చదువుకున్నవాడిలా కనిపించడం తప్ప వేరే పనేమీ లేకుండా ఉన్నాను. మా పెద్దమ్మ దయామణి, చర్చి స్త్రీల సమాజంలో మరో నలుగురిని కూడగట్టుకుని కారం వ్యాపారం చేస్తుండేది. సొంత చేలో కాయ. కళ్ళంలో ఎండబెట్టి, తొడిమలు తీసి, పక్క ఊరికి మోసుకెళ్ళి మరలో పట్టించేవాళ్ళు. ఆ మర దగ్గర గంటల తరబడి కాపలా కాయలేక, సొంత మర పెట్టుకోవాలని పెద్దమ్మకు కొండంత ఆశ.

ఆ ఆశ తీరే దారి ఒకటి కనిపించింది. తాడేపల్లిలో హోటలు నడిపే కరీముల్లా గారు ఏదో పెళ్ళికి ఇటొచ్చి, పెద్దమ్మ కారంతో చేసిన కూర తిని, అక్కడికక్కడే అరకిలో అడిగి తీసుకున్నారు. "మా వంటమాస్టరుకి నచ్చితే శనివారం లోపల ఫోన్ చేస్తానమ్మా. ముందు పాతిక కిలోలు పంపండి. కుదిరితే నెలనెలా తీసుకుంటా," అన్నారు.

పెద్దమ్మ ఆయనకు నా నంబరు ఇచ్చింది. ఇచ్చి, నన్ను కూర్చోబెట్టి చెప్పింది.

"ఒరేయ్ రాజేషూ, చదువుకున్నోడివని నీ నంబరిచ్చా. నువ్వు పెద్దగా చెయ్యాల్సిందేం లేదు. ఫోన్ మోగితే ఎత్తు. అంతే."

ఫోన్ ఎత్తడమా! అప్పటికే నేను చిన్న వ్యాపారాల్ని పెద్ద వ్యాపారాలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ల గురించి వీడియోలు చూసి చూసి కళ్ళు వాచిపోయి ఉన్నాను. వెబ్‌సైట్ కట్టిపెట్టేది ఒకటి, పోస్టర్లు వేసేది ఒకటి, సరుకు లెక్క చూసేది ఒకటి, పండగలకు కస్టమర్లకు శుభాకాంక్షలు పంపేది ఒకటి. అన్నీ ఉచితమే. అన్నిటికీ వేర్వేరు పాస్‌వర్డులు. ఏది దేనిదో గుర్తులేక, వెబ్‌సైట్ తెరవబోయి పోస్టర్లలోకి, పోస్టర్లు తెరవబోయి సరుకులోకి వెళ్ళి తిరుగుతుండేవాణ్ణి. పెద్దమ్మ నా భుజం మీదుగా తొంగిచూసి, "ఇందులో మన కారం ఎక్కడుందిరా?" అంటే, "వెనకాల ఉంది పెద్దమ్మా," అనేవాణ్ణి. నిజానికి నాకూ తెలియదు.

వాటన్నిటిలోకీ నా మనసు దోచుకుంది మిస్డ్ కాల్ సాఫ్ట్‌వేర్. కస్టమర్ మన నంబరుకి ఒక రింగు ఇస్తే చాలు, అది తనంతట తానే కాల్ కట్ చేసి, అరకిలో ప్యాకెట్ ఆర్డరుగా రాసుకుంటుంది. వెంటనే అదే నంబరుకి తిరిగి ఫోన్ చేసి మనం రికార్డు చేసిపెట్టిన మాటలు వినిపిస్తుంది. నేను గొంతు సవరించుకుని, వార్తలు చదివేవాడిలా రికార్డు చేశాను: "నమస్కారమండీ. మీ కారం ఆర్డరు మాకు అందింది. వద్దనుకుంటే రెండు నొక్కండి. కావాలనుకుంటే ఏమీ నొక్కనక్కర్లేదు." ఆ సాఫ్ట్‌వేర్‌ని నా ఫోనుకి తగిలించి, ఇక ఆ ఫోను మోగదు కదా అని నిశ్చింతగా పడుకున్నాను.

ఇక్కడ మీకు మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. చేలల్లో మోటార్లకు త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. మా మోటారు షెడ్డు మా పెరట్లోనే ఉంది. అందులో మూడు బల్బులూ వెలిగితే కరెంటు వచ్చినట్టు. చేలు దూరంగా ఉన్న రైతులు ఊరికే అంతదూరం నడవలేక, నా నంబరుకి ఒక్క రింగిచ్చి కట్ చేస్తారు. అంటే "కరెంటొచ్చిందా?" అని అడిగినట్టు. వచ్చి ఉంటే మా అమ్మో నేనో తిరిగి ఒక్క రింగిస్తాం. వాళ్ళు ఎత్తకుండా కట్ చేసి మోటారు వెయ్యడానికి పరిగెడతారు. రాకపోతే మేం ఊరుకుంటాం. ఏళ్ళ తరబడి సాగుతున్న వ్యవహారం. ఎంతగా అలవాటైందంటే, సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు నాకది గుర్తే రాలేదు.

మీకు అర్థమైపోయింది కదా. నాకు అర్థం కావడానికి వారం పట్టింది.

మొదటి రోజే ఆర్డర్లు కురిశాయి. యేసురత్నం బాబాయ్ అరకిలో. ఇశ్రాయేలు మామ అరకిలో. మళ్ళీ యేసురత్నం బాబాయ్ అరకిలో. నేను ఫోను పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"పెద్దమ్మా, ఊరంతా మన కారమే కావాలంటున్నారు!"

పెద్దమ్మ తొడిమలు తీయడం ఆపి నా వంక చూసింది. "మన ఊళ్ళోనా? మిరపకాయలు పండించేవాళ్ళు కారం కొనుక్కోటమేంట్రా? వాళ్ళిళ్ళల్లో డబ్బాలు డబ్బాలు ఉంటే!"

"బ్రాండ్ పెద్దమ్మా, బ్రాండ్."

"అంటే?"

అంటే ఏమిటో నాకూ సరిగ్గా తెలియదు. అందుకని ఆర్డర్ల గ్రాఫు చూపించాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గీత ఆకాశానికి లేస్తోంది. అవి రైతులు కరెంటు కోసం ఎదురుచూసే వేళలని పసిపిల్లవాడైనా చెప్పేవాడు. నేను మాత్రం గడ్డం నిమురుకుంటూ, "పొద్దున చద్దన్నంలోకి, మధ్యాహ్నం కూరలోకి జనానికి కారం గుర్తొస్తుంది పెద్దమ్మా. కస్టమర్ మనస్తత్వం," అన్నాను.

మూడోనాడు యేసురత్నం బాబాయ్ చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"ఏరా, రింగొచ్చిందిగా. ఏదిరా మరి?"

ఆర్డరు పెట్టిన మూడు రోజులకే ఇంత ఆత్రమా అని మురిసిపోయాను. "వస్తుంది బాబాయ్. ఆదివారం."

"ఆదివారమా! అప్పటిదాకా ఎట్టారా?"

"ఇంట్లో ఉన్నదాంతో సర్దుకో."

"ఇంట్లో ఉన్నదాంతోనా?" అన్నాడు బాబాయ్. నా వంక వింతగా చూసి, తల గోక్కుంటూ వెళ్ళిపోయాడు. ఆదివారం దాకా త్రీఫేజ్ రాదని రాజేష్ గాడు చెప్పాడంటూ సాయంత్రానికల్లా ఊరంతా పాకిందని నాకు తర్వాత తెలిసింది. కొందరు డీజిల్ ఇంజిన్లు అద్దెకు తెచ్చారు. కొందరు బిందెలతో మొక్కలకు నీళ్ళు మోశారు. ఆశ చావని మిగతావాళ్ళు ఇంకా ఎక్కువగా రింగులివ్వడం మొదలుపెట్టారు. వాళ్ళకు తిరుగు రింగు వెళ్ళేది. ఉరికేవాళ్ళు. చేలో కరెంటు ఉండేది కాదు. ఎప్పుడో ఒకసారి నిజంగానే ఉండేది. దాంతో వాళ్ళకు ఏది నమ్మాలో తెలియక పిచ్చెక్కిపోయింది.

పెద్దమ్మ మాత్రం రోజూ ఒకటే అడిగేది. "తాడేపల్లాయన ఫోన్ చేశాడా?"

"లేదు పెద్దమ్మా. కానీ ఎవరో ఒకాయన రోజూ ఆర్డర్లు పెడుతున్నాడు. పేరు లేదు, నంబరే ఉంది. ఈ వారం మన అభిమాన కస్టమర్ అని సాఫ్ట్‌వేర్ ఆయనకు గులాబీల బొమ్మ కూడా పంపింది."

"ఎవరో ఫోన్ చేసి కనుక్కోరా."

"కస్టమర్ని విసిగించకూడదు పెద్దమ్మా. వీడియోలో చెప్పారు."

శనివారం సాయంత్రం దాకా ఎదురుచూసి పెద్దమ్మ చిన్నబోయింది. "ఆయనకు నచ్చలేదేమోలేరా," అంది. నాకూ బాధేసింది. తర్వాత ఆమే తేరుకుని, ఆయన కోసం దాచిన కారమంతా ఊళ్ళోవాళ్ళ ఆర్డర్లకే కట్టమంది. ఇద్దరం కూర్చుని ప్యాకెట్లు కట్టి, ఒక్కోదాని మీద పేరు రాశాం. ఆ అజ్ఞాత అభిమాని ప్యాకెట్ల మీద నంబరు రాశాం. ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ ఇచ్చి డబ్బులు తీసుకోవచ్చని, పొద్దున్నే చర్చి గుమ్మం పక్కన బల్ల మీద పేర్చి పెట్టాను.

ఆరాధన అయింది. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళబోతుంటే, పాస్టరు గారు మైకు వదలకుండా అన్నారు.

"మన సహోదరి దయామణి గారి కుటుంబం పంట చేతికొచ్చినందుకు కృతజ్ఞతగా, ప్రతి ఇంటికీ పేరుపేరునా కారం కానుక తెచ్చారు. ఇంత ప్రేమ మనం ఎక్కడ చూస్తాం? ప్రభువు ఆ ఇంటిని దీవించును గాక!"

"ఆమేన్!" అంది చర్చి చర్చంతా.

నేను మధ్యలో నిలబడిపోయాను. పెద్దమ్మ నన్ను చూసింది. నేను పైన తిరుగుతున్న ఫ్యాన్లను చూశాను. పాస్టరు గారు ప్రార్థన చేసిన కానుకకు డబ్బులడిగే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి? ఆడవాళ్ళు వరసగా వచ్చి ప్యాకెట్లు తీసుకుని, పెద్దమ్మ చేతులు పట్టుకుని, "దేవుడు నిన్ను చల్లగా చూడాలక్కా," అని వెళ్ళిపోయారు. ఆదివారం కదా, అందరిళ్ళల్లో కోడికూర. కారం నేరుగా పొయ్యి మీదికే.

చివరికి బల్ల మీద కొన్ని ప్యాకెట్లు మిగిలాయి. పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకుని, వాటి మీదున్న నంబరు పైకి చదివి, "ఇది ఎవరిదండీ?" అన్నారు.

"నాదేనండీ," అంది ఒక గొంతు గుమ్మం బయట నుంచి.

చూస్తే తాడేపల్లి కరీముల్లా గారు. కారు దిగి, చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి, ముఖం కందగడ్డ చేసుకుని నిలబడి ఉన్నారు.

"అమ్మా, వారం నుంచి చేస్తున్నా ఫోను. చేస్తే కట్ అయిపోద్ది. మళ్ళీ అదే మోగుద్ది. ఎత్తితే ఎవడో మాట్లాడతాడు గానీ నేను చెప్పేది వినడు. పాతిక కిలోలు కావాలి బాబూ అంటే ఏమీ నొక్కనక్కర్లేదంటాడు. ఎవరు బాబూ నువ్వు అంటే రెండు నొక్కమంటాడు. చివరికి గులాబీ పూలు పంపాడు. నాకెందుకమ్మా గులాబీ పూలు? వాడికేమన్నా ఒంట్లో బాలేదా?"

"వాడికి బానే ఉందండీ," అంది పెద్దమ్మ నన్ను చూస్తూ. "మాకే బాలేదు."

నేను సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాను. వెళ్ళబోతున్న యేసురత్నం బాబాయ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"ఒరేయ్, నేను కారం ఎప్పుడడిగానురా? కరెంటు కోసం గదరా రింగిచ్చింది! నువ్వు ఆదివారమన్నావని డీజిల్ ఇంజిన్ తెచ్చుకున్నా!"

అప్పుడు వెలిగిందండీ నాకు. ఒక్కసారిగా మూడు బల్బులూ వెలిగాయి.

కరీముల్లా గారు నవ్వాలో కోప్పడాలో తెలియక, "సరే, ఇప్పుడు పాతిక కిలోలు ఉన్నాయా లేవా?" అన్నారు. పెద్దమ్మ తల దించుకుంది. ఇచ్చిన కానుక తిరిగి అడగలేదు, ఉందని అబద్ధమాడలేదు. ఇంత జరిగాక ఆ సొంత మర ఇక కలలోని మాటేనని నాకనిపించి ఏడుపొచ్చింది.

బాబాయ్ భార్య స్వరూప పిన్నికి విషయం అర్థమైంది. "అక్కా, నీ కారం ఇప్పటికే కొంత కూరల్లో పడి, కొంత డబ్బాల్లో కలిసిపోయుంటది. మా డబ్బాలోది తెస్తా. అదీ మన చేలల్లో కాయేగా," అని కొంగు బిగించి వెళ్ళింది. ఆమె వెనకే మిగతావాళ్ళూ. కాసేపటికి గిన్నెలు, డబ్బాలు, జాడీలు వచ్చాయి. ఒకరిది ఎర్రన, ఒకరిది నల్లన, ఒకరిది వెల్లుల్లి వాసన. అన్నిటినీ పెద్ద బేసిన్‌లో కలిపారు. కరీముల్లా గారు చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నారు. అందరం ఊపిరి బిగబట్టాం.

"ఇది ఆ రోజు తిన్న కారం కాదమ్మా," అన్నారు. పెద్దమ్మ ముఖం వాడిపోయింది. "దానికంటే బాగుంది," అని పాతిక కిలోలు తూయించి కారెక్కించుకుని వెళ్ళారు.

రెండు రోజుల తర్వాత ఆయన ఫోన్ చేశారు. పెద్దమ్మ నంబరుకే లెండి. "మా వంటమాస్టరు ఎగిరి గంతేశాడమ్మా. నెలనెలా పంపండి. కానీ అచ్చంగా అదే కారం. ఇంకేదీ వద్దు."

అచ్చంగా అదే! అందులో ఎవరింటి కారం ఎంత పడిందో ఆ దేవుడికే తెలియాలి. పెద్దమ్మ ఫోన్ పెట్టేసి, నన్ను ఆ బేసిన్ దగ్గరికి లాక్కెళ్ళి, అడుగున మిగిలిన కారంలో నా కుడిచెయ్యి పెట్టించింది.

"చెప్పరా," అంది.

నేను నిటారుగా నిలబడి చెప్పాను. "ఉచితంగా వచ్చే ఏ సాఫ్ట్‌వేర్ చేతిలోనూ ఇక జన్మలో నా ఫోను పెట్టను. మోగిన ప్రతి ఫోనూ ఎత్తి, నా సొంత నోటితో హలో అంటాను. నెలనెలా ప్రతి గడపా ఎక్కి, గిన్నె పట్టుకుని కారం అడిగి తెస్తాను. ఇది నా ప్రమాణం."

ఆ మాటలకు నా మనసే కరిగిపోయింది. కళ్ళు చెమర్చాయి. గబుక్కున అదే చేత్తో తుడుచుకున్నాను.

నేను పెరడంతా గంతులేస్తుంటే, పెద్దమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి నా ముఖాన కుమ్మరిస్తూ, "చాల్లేరా నాయనా, నమ్మాలే. మరీ అంత పశ్చాత్తాపం అక్కర్లేదు," అంది.