జొన్నరొట్టె ఓడిపోయిన ఆదివారం

మా అమ్మ ఏ ఎన్నికలోనూ ఓటు వేయకుండా ఉండలేదు. జ్వరంతో ఉన్నప్పుడు కూడా దుప్పటి కప్పుకుని వెళ్లి వేసి వచ్చింది. అయితే ఓటు వేసేది అమ్మ, ఎవరికి వేయాలో చెప్పేది మా నాయన. ఎన్నికల ముందు రోజు సాయంత్రం నాయన నమూనా బ్యాలెట్ కాగితం తెచ్చి మంచం మీద పరిచేవాడు. ఒక గుర్తు మీద వేలు పెట్టి, "ఇదో, పైనుంచి మూడోది. తెలిసిందా?" అనేవాడు. అమ్మ "ఊ" అనేది. అంతటితో ఆ మాట అయిపోయేది. అందులో బలవంతం ఉందని ఆయనకూ తోచలేదు, ఆమెకూ తోచలేదు. ఏ విత్తనం తేవాలో, ఏ చేను ముందు దున్నాలో నాయన చూసుకున్నట్టే ఓటు సంగతీ చూసుకునేవాడు. మా ఊళ్లో చాలా ఇళ్లలో అంతే.

మా ఊరు కోడుమూరు నుంచి ఆటోలో అరగంట. చుట్టూ వానను నమ్ముకున్న చేలు. నా కాపురం కోడుమూరులో అయినా ఉద్యోగం మాత్రం మా ఊరి బడిలోనే. పొద్దున వచ్చి సాయంత్రం వెళతాను, మధ్యాహ్నం తిండి అమ్మ దగ్గర. రాష్ట్ర ఎన్నికలు దగ్గరపడితే కొత్త ఓటర్లను చేర్చడం, ఓటు ఎలా వేయాలో ఊరికి చెప్పడం మా టీచర్ల నెత్తిన పడుతుంది. ఆ ఏడాది మా ఊరికి సంబంధించి ఆ పని నాకు అప్పజెప్పారు.

మొదట మండలాఫీసు నుంచి ఒకాయన ఓటింగ్ మిషను తెచ్చి బడి ముందు పెట్టాడు. నెమ్మదిగా, ఓపిగ్గా మాట్లాడే మనిషి. నిజమైన పార్టీ గుర్తులు పెట్టకూడదు కాబట్టి దాని మీద పండ్ల బొమ్మలున్నాయి. మామిడి, ద్రాక్ష, అనాస. కూలి పని నుంచి వచ్చిన ఆడవాళ్లు వరసగా వచ్చి, ఏదో ఒక బటన్ ఒత్తి, అది కుయ్యిమనగానే నవ్వుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లకు అదొక ఆటబొమ్మ. వాళ్లలో ఒకామె మాత్రం ఆగి అడిగింది.

"సారూ, నేను యాడ ఒత్తినానో మా ఆయప్పకు తెలుస్తాదా?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయన మాత్రం నవ్వకుండా చెప్పాడు. "తెలీదమ్మా. మీ ఆయనకే కాదు, నాకూ తెలీదు, ఎవరికీ తెలీదు."

నవ్వు ఆగిపోయింది. వాళ్ల ముఖాలు, వాళ్లలోనే నిలబడ్డ మా అమ్మ ముఖం చూశాను. ఒక్కరూ నమ్మలేదు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మను అడిగాను. "నువ్వు కూడా నమ్మలేదా అమ్మా?"

"ఏమోలే. ఈ ఊర్లో మీ నాయనకు తెల్లంది ఏముండాది?" అంది అమ్మ.

పక్కనే నాయన జొన్నరొట్టె తుంచుకుని చెనిక్కాయల చట్నీలో అద్దుకుంటున్నాడు. మా నాయన చర్చి పెద్దల్లో ఒకడు. గొంతు పెద్దది, మనసు మెత్తన. తన మాట నలుగురూ వినాలి అనుకునే మనిషి. తింటూ తింటూ, "ఈ రొట్టెను మించిన తిండి ఈ భూమ్మీద లేదు. ఇప్పుడు పిల్లోళ్లంతా పొద్దున లేస్తే ఆపా అంగడి కాడికి ఉగ్గానికి ఉరుకుతాండారు" అన్నాడు.

ఆపా అంటే బస్సు ఆగే చోట చిన్న హోటలు నడిపే ముస్లిం ఆవిడ. ఊరంతా అలాగే పిలుస్తాం. బొరుగులను, అదే మరమరాలను, నీళ్లలో తడిపి గట్టిగా పిండి, ఉల్లిపాయలతో తిరగమాత పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడితే అదే ఉగ్గాని. ఆపా చేతి ఉగ్గానికి పక్క ఊళ్ల నుంచి కూడా వస్తారు.

నాయన మాట చెవిన పడగానే నాకు దారి దొరికింది. అనాస పండు మా ఊళ్లో ఎవరికి కావాలి? వాళ్లు నిజంగా పోట్లాడుకునే దాన్ని పెట్టాలి.

మండలాఫీసు ఆయనకు ఫోన్ చేసి, మిషను మళ్లీ ఒకసారి తెమ్మన్నాను. బొమ్మలు మేమే గీసుకుంటామన్నాను. ఏ బొమ్మలని అడిగాడు. జొన్నరొట్టె, ఉగ్గాని అన్నాను. అవతల నవ్వు వినిపించింది. "పార్టీలవి కాకుంటే చాలు మేడమ్. ఆదివారం వస్తా" అన్నాడు.

పోలింగు చర్చి ఆవరణలో, ప్రార్థన ముగిశాక అని చాటించాం. అన్ని కులాల వాళ్లూ, అన్ని మతాల వాళ్లూ రావచ్చు. పిల్లలకు చెప్పినట్టు ఏదో సరదాకి అనుకున్నాను గానీ, ఆ వారమంతా ఊరు ఊరుగా లేదు. రొట్టె తరఫున మా నాయన దిగాడు. ఉగ్గాని తరఫున ఆపా దిగింది. నాయన చావిడి దగ్గర నిలబడి ఉపన్యాసం.

"ఉగ్గాని ఏముండాదప్పా? తడిపిన బొరుగులే గదా! మన అబ్బలు, జేజబ్బలు రొట్టె తిని గదా రాళ్ల నేల దున్నినారు. రొట్టెకు ద్రోహం చెయ్యొద్దండి!"

ఆపా ఉపన్యాసాలు ఇవ్వలేదు. తన అంగడికి వచ్చిన ప్రతివాళ్లకూ పొట్లం కట్టిస్తూ, "చూడన్నా, మనసులో పెట్టుకో" అనేది, అంతే.

శనివారం అన్నం దగ్గర నాయన అమ్మను అడిగాడు. "నువ్వు రొట్టెకే గదా?"

"ఊ" అంది అమ్మ.

ఆదివారం మా చర్చి ఆవరణలో వేపచెట్టు కింద పెద్ద జాతర. బల్ల మీద మిషను పెట్టి, చుట్టూ అట్టలతో అడ్డం కట్టాం. నేను వేళ్లకు స్కెచ్ పెన్నుతో చుక్క పెడుతున్నాను. మొదటి ఓటు నాయనదే. వేసి బయటికి వచ్చి, వెళ్లకుండా అట్టల పక్కనే నిలబడ్డాడు.

"నాయనా, ఈడ నిలబడకూడదు. అవతలికి పో" అన్నాను.

"నేను పెద్దమనిషిని. చూస్తాండా అంతే."

"చూడకూడదనే గదా అడ్డం కట్టింది!"

వరసలోని ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మండలాఫీసు ఆయన మర్యాదగా చేయి పట్టుకుని నాయనను గేటు దాకా తీసుకెళ్లి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

ఒక ముసలవ్వ లోపలికి వెళ్లి ఎంతకూ రాదు. "ఏమవ్వా, నిద్రపోయినావా?" అని వెనక నుంచి కేకలు.

"ఉండండి మే! ఆలోచన చేస్తాండా" అని లోపలి నుంచి గట్టిగా జవాబు. కాసేపటికి కుయ్యిమంది. బయటికి వచ్చి నాతో మెల్లగా అంది. "ఇన్నేండ్లుగా ఓటు ఏస్తాండాను బిడ్డా. లోపల నిలబడి ఆలోచన చేసింది ఈ పొద్దే."

అమ్మ కూడా వేసింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. కొంగు సర్దుకుని పోయి ఆడవాళ్లలో కూర్చుంది.

లెక్క చూపే మీట నొక్కేసరికి అందరూ బల్ల మీద పడ్డారు. రొట్టె ఓడిపోయింది. అదీ మామూలుగా కాదు. రొట్టెకు ఎన్ని వచ్చాయో ఉగ్గానికి దాదాపు రెండింతలు. కుర్రాళ్లు ఈలలు వేశారు. ఆపా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూ, "యా అల్లా, ఇంతమందికి రేపు యాడ చేసి పెట్టేది?" అంది.

మా నాయన లేచి నిలబడ్డాడు. "ఈ మిషన్లో ఏదో తేడా ఉండాది!"

"ఓడినాక అందరూ ఆ మాటే అంటారు పెద్దాయనా" అన్నాడు మండలాఫీసు ఆయన.

నాయన ఊరుకోలేదు. విచారణ మొదలుపెట్టాడు. ఒక్కొక్క ఆడమనిషి దగ్గరికి వెళ్లి అడగడం. "నువ్వు దేనికి ఏసినావ్?"

"రొట్టెకే మామా."

"నువ్వు?"

"ఇంకేముండాది అన్నా, రొట్టెకే."

"నువ్వమ్మా?"

"దేవుని సాక్షిగా రొట్టెకే చిన్నాయనా!"

వేపచెట్టు కింద కూర్చున్న వాళ్లలో ఒక్కరూ ఉగ్గానికి వేయలేదు. నాయన నడుం మీద చేతులు పెట్టుకుని, "అందరూ రొట్టెకే ఏస్తే మరి దాన్ని గెలిపించింది ఎవరప్పా?" అన్నాడు. ఇక ఆడవాళ్ల నవ్వు ఆగలేదు. కొందరు పొట్ట పట్టుకున్నారు, కొందరు ఒకరి మీద ఒకరు వాలిపోయారు. మా అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. అమ్మ అలా నవ్వడం నేను చూసి చాలా కాలమైంది.

ఆ నవ్వుల మధ్యే, మొదటి రోజు ప్రశ్న అడిగిన ఆమె నా దగ్గరికి వచ్చింది. మా నాయన వైపు ఒకసారి, మిషను వైపు ఒకసారి చూసింది.

"అయితే నిజంగానే తెలీదన్న మాట" అంది.

"నిజంగానే తెలీదు" అన్నాను.

ఆమె పక్కనున్న తోడికోడలి చెవిలో ఏదో చెప్పింది. ఆ తోడికోడలు ఇంకొకరికి చెప్పింది. నేను ఎన్ని సభలు పెట్టి చెప్పినా రాని నమ్మకం నా కళ్ల ముందే చెట్టు కింద ఒక చెవి నుంచి ఇంకో చెవికి పాకింది.

ఆ సాయంత్రం ఇంట్లో నాయన అమ్మ ముందు కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"అందరి సంగతి వదిలెయ్. నువ్వు దేనికి ఏసినావో చెప్పు."

"చెప్పకూడదంట గదా. నీ బిడ్డే చెప్పింది."

"రోజూ నేను తినేదాన్ని నువ్వే ఓడగొట్టినావా?"

అమ్మ మామూలు గొంతుతోనే అంది. "నేను దేనికి ఏసినానో చెప్పను. ఆడోళ్లు ఎందుకు అట్ల ఏసింటారో చెప్తా, ఇను. రొట్టె తినేది మీరు. ఎండకాలంలో పొయ్యి ముందర కూర్చోని తట్టేది మేము. చెయ్యి కాలేది మాకు. ఉగ్గాని అయితే ఆపా చేసి పెడతాది, మేము కూర్చోని తింటాము. అంతే."

"ఇన్నేండ్లు ఈ మాట చెప్పల్యా?"

"నువ్వు అడగల్యా."

నాయనకు కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. తన అరచేతులు తిప్పి చూసుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. మరునాడు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి పొయ్యి ముందు నాయన ఉన్నాడు. తట్టిన రొట్టె ఒక పక్క మాడింది, ఇంకో పక్క చిరిగింది. అమ్మ మంచం మీద కూర్చుని, "నీళ్లు అద్దు, నీళ్లు" అని చెబుతోంది. ఆ రొట్టె మేము ముగ్గురమూ తిన్నాం. బాగాలేదు. బాగుందని ఎవరూ అబద్ధం కూడా చెప్పలేదు.

ఆ తర్వాత నా పని తేలికైంది. కోడళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి బడికి వచ్చేవారు. చాలామంది ఓట్లు ఇంకా పుట్టినింటి ఊళ్లోనే ఉన్నాయి. "నా ఓటు ఈడికి మార్చు అక్కా, నాకు ఈడ పని ఉండాది" అందొక అమ్మాయి. నేను నవ్వుతూ చేర్చాను.

ఎన్నికల ముందు రోజు నాయన ఎప్పటిలాగే నమూనా కాగితం తెచ్చి మంచం మీద పరిచాడు. వేలు పెట్టబోయి ఆగాడు. చివరికి పైనుంచి కింది దాకా ఒక్కొక్క పేరూ చదివాడు. ఈయన ఏం చేశాడు, ఆయన ఏం చేస్తానంటున్నాడు, తనకు ఎవరు నచ్చాడు, ఎందుకు నచ్చాడు, అన్నీ చెప్పాడు. అమ్మ మధ్యలో అడ్డం పడింది. మన వీధి కొళాయికి నీళ్లు వారానికి ఒకసారే ఎందుకు వస్తున్నాయి? కర్నూలు ఆస్పత్రికి పోవాలంటే పొద్దున బస్సు ఎందుకు తీసేశారు? కొన్నిటికి నాయన దగ్గర జవాబు ఉంది. కొన్నిటికి తల గోక్కున్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. చివర్లో నాయన, "అయితే ఏమంటావ్?" అన్నాడు.

"చూస్తాలే" అంది అమ్మ.

పోలింగు రోజు ఎండ మండిపోయింది. బడి ముందు షామియానా వేశాం, కుండల్లో నీళ్లు పెట్టాం. జాబితాలో పేర్లు వెతికి చెప్పడానికి ఆ నీడలోనే నాకో బల్ల వేశారు. మగవాళ్ల వరస కంటే ఆడవాళ్ల వరస పొడుగ్గా ఉంది. గుంపులు గుంపులుగా వచ్చారు, నవ్వుకుంటూ, మాట్లాడుకుంటూ. నాయన తన ఓటు వేసి గేటు అవతల నీడలో నిలబడ్డాడు. నేను మజ్జిగ కోసం బయటికి వెళ్లినప్పుడు, ఊళ్లో ఒక పార్టీ తరఫున తిరిగే ఆయన నాయన దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, మీ ఇంటి ఓట్లు మనకే గదా? రెండూ రాసుకోమంటావా?"

నాయన ఆయన వైపు తిరిగాడు. "మా ఇంటి ఓట్లంటే? నా ఓటు ఒకటి నాకు తెలుసు. ఇంకోటి ఆమెను అడుగు. అడిగినా చెప్పదు."

ఆయన వరస వైపు చూశాడు. అక్కడ అమ్మ ఎవరితోనో మాట్లాడుతూ తల వెనక్కి వంచి నవ్వుతోంది. ఆయన అడగడానికి పోలేదు.

అమ్మ ఓటు వేసి బయటికి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. నాయన ఎదురు వెళ్లాడు. ఏమీ అడగలేదు. "ఎండ శానా ఉండాది. ఆటోలో పోదామా?" అన్నాడు.

"నువ్వు పో. నేను వీళ్లతో నడిచొస్తా" అంది అమ్మ.

నేను తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. కొంగులు నెత్తిన కప్పుకుని ఆ ఆడవాళ్లంతా రోడ్డు పొడుగునా పరుచుకుని నడుస్తున్నారు. బడి మలుపు తిరిగినాక కూడా వాళ్ల నవ్వులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి.